తాళం తీయలేని చెయ్యి

మొన్న కోటబొమ్మాళి స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే, గాలి తిరిగి ఎక్కడో జీడి తొక్క కాలుతున్న పొగ వచ్చి గొంతులో పడింది. ఆ ఘాటు అలవాటు లేనివాళ్ళు ముక్కు మూసుకుని పక్కకి జరుగుతారు. నాకు ముందు గుండె దడదడలాడుతుంది, దగ్గు ఆ తరవాతే వస్తుంది. వెంటనే రాజేశ్వరమ్మగారు గుర్తొస్తారు. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి ఆవిడ. అంత పిరికి మనిషిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఈ మాట ఆవిడ బతికుండగా మొహం మీదే అన్నాను. "నిజమేనే పిల్లా" అని నవ్వారు, కోపం తెచ్చుకోలేదు.

భర్త ఉన్నట్టుండి పోతే, ఆయన నడిపిన చిన్న జీడిపప్పు బట్టీ ఆవిడ నెత్తిన పడింది. డిగ్రీ అయిన కొత్తలో నేను అక్కడ గుమాస్తాగా చేరాను. ఉరిమితే ఆవిడ కుర్చీ వదిలి గోడవారకి చేరేవారు. బట్టీకి పచ్చి జీడిపిక్కల లారీ వస్తే డ్రైవరుతో మాట్లాడమని నన్ను పంపి, తను తలుపు చాటునుంచి వినేవారు. తాడును చూసి పామనుకోవడం ఎవరికైనా ఉన్నదే. ఆవిడ మాత్రం అది పాము కాదని తేలాక కూడా తాడుకి దూరంగానే నడిచేవారు. మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్ళం.

బట్టీలో పప్పు మీద పొర తీసే గది ఒకటి ఉండేది. ఆడవాళ్ళు నేలమీద వరసగా కూర్చుని చిన్న కత్తులతో పొర గీసేవారు. పొద్దున్న వాళ్ళు లోపలికి వెళ్ళగానే బయటనుంచి తాళం వేయడం, అన్నాల వేళకి తీయడం, సాయంత్రం కొంగు దులిపించి పంపడం మాకు తెలిసిన బట్టీలన్నిట్లో ఆనవాయితీ. పప్పు బంగారంతో సమానం, గుప్పెడు పోయినా నష్టమే అనేవారు. ఆ తాళంచెవి ఎప్పుడూ ఆవిడ బొడ్డునే ఉండేది. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

ఒక వేసవి మధ్యాహ్నం ఆ గది వెనక పోసిన తొక్క కుప్ప రాజుకుంది. జీడి తొక్కలో నూనె ఉంటుంది, మంటకన్నా ముందు నల్లటి పొగ కమ్మేస్తుంది. అది కిటికీలోంచి గదిలోకి పోయింది. లోపలివాళ్ళు తలుపు బాదడం మొదలుపెట్టారు. "తియ్యండమ్మా, తియ్యండి" అని ఏడుపులు. రాజేశ్వరమ్మగారు పరుగెత్తుకొచ్చి తాళంచెవి తీశారు గాని, చెయ్యి వణికి అది తాళంలో దూరలేదు. జారి కింద పడింది. తీసి పెడితే మళ్ళీ పడింది. లోపల బాదే చప్పుడు తగ్గుతూ వచ్చింది. ఆ తగ్గడమే నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. చివరికి పిక్కలు వేయించే అప్పన్న వచ్చి, ఆవిడ చేతిలోంచి తాళంచెవి లాక్కుని తాళం తీశాడు. అందరూ దగ్గుతూ, కళ్ళు నలుపుకుంటూ బయటపడ్డారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు మళ్ళీ పని, మళ్ళీ తాళం.

కొన్నాళ్ళకి, మా సరుకు కొనే విశాఖపట్నం ఎగుమతి వ్యాపారి ఒక కబురు చెప్పాడు. పైదేశాల్లో పప్పు అమ్మే కంపెనీలు కొన్ని కలిసి కూటమి కట్టుకున్నాయట. తమ సరుకు తయారయ్యే చోట పనివాళ్ళ స్థితిగతులు చూసి, బాగుచేయించడం దాని పని. ఇష్టమైన బట్టీలు చేరవచ్చు. పిక్కలు కొట్టే వాళ్ళకి గ్లౌజులివ్వాలి, కొంగులు దులిపించకూడదు, అన్నిటికన్నా ముందు పని వేళలో తలుపుకి తాళం ఉండకూడదు. మా చుట్టుపక్కల ఎవరూ చేరలేదు. రాజేశ్వరమ్మగారు చేరతానన్నారని తెలిసి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

భయపడ్డట్టే జగ్గారావుగారు వచ్చారు. బట్టీల వాళ్ళకి ఆయన పెద్ద, పిక్కల బేరం అంతా ఆయన చేతిలోనే ఉండేది. ఆవిడకి మావగారి వరస. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లిగా మాట్లాడారు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"సూడు కోడలా. ఇయాల నువ్వు తలుపు తీస్తే రేపు మా తలుపులూ తియ్యమంటారు. నీకు పిక్కలు ఎక్కడినుంచి వస్తన్నాయో ఓపాలి ఆలోసించుకో."

ఆవిడ తల ఊపారు. ఆయన అటు వెళ్ళగానే, చేతులు రెండూ కొంగులో చుట్టుకున్నారు.

"ఒద్దండి, మానేద్దాం. పిక్కలు ఆగిపోతే బట్టీ మూసెయ్యాల. ఇంతమందిమి ఏటైపోతాం?" అన్నాను.

"నాకూ బయంగానే ఉన్నాదే. గాని ఆ రోజు నా సెయ్యి సూసావు కదా. దైర్యమున్నోళ్ళు తాళం ఎయ్యొచ్చు, ఏదైనా ఐతే తీయగలరు. నాను తీయలేను. తీయలేని తాళం ఎయ్యకూడదు కదేటి?"

న్యాయం గురించీ హక్కుల గురించీ తరవాత చాలా ఉపన్యాసాలు విన్నాను. వాటిలో ఏదీ నాకు ఆ మాటంత సూటిగా తగల్లేదు. మనందరం మన పిరికితనాన్ని దాచుకోవడానికి నానా తంటాలు పడతాం. ఆవిడ దాన్ని దాచుకోలేదు, లెక్కలోకి తీసుకున్నారు.

కూటమిలో చేరాం. తాళం వేయని మొదటి రోజునే, గదిలో అందరికన్నా పెద్దదైన పైడమ్మ లేచి వచ్చింది. ఆమె మొహంలోనూ భయమే.

"అమ్మా, తాళం ఎయ్యండి. తాళం ఉన్నాది గనక ఇన్నాళ్ళూ మా మీదకి మాట రాలేదు. రేపు పప్పు తగ్గి, దొంగలెవులంటే మేం ఏటి సెప్పాల?"

వాళ్ళు ఆ మాట అంటారని నేను కలలో కూడా అనుకోలేదు. "తగ్గితే నా కర్మం. మిమ్మల్ని అడగను" అన్నారు రాజేశ్వరమ్మగారు. పైడమ్మ నమ్మినట్టు కనిపించలేదు. రాజేశ్వరమ్మగారికీ తన మీద తనకి నమ్మకం లేదు. ఏదో ఒకనాడు భయమేసి మళ్ళీ తాళం వేసేస్తానని, వడ్రంగిని పిలిపించి తలుపు రెక్కలే ఊడదీయించారు. సాయంత్రాలు పప్పు మోసుకెళ్ళి ఆఫీసు గదిలో పెట్టుకునేవాళ్ళం.

జగ్గారావుగారు అన్నంత పనీ చేశారు. పిక్కలు ఆగిపోయాయి. బట్టీ చల్లారింది. పొద్దున్నే ఆడవాళ్ళు వచ్చి, మా మొహాలు చూసి, ఏమీ అడగకుండా తిరిగి వెళ్ళిపోయేవారు. వాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఎలా వెలుగుతోందో తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు. చివరికి ఆవిడ నన్ను వెంటబెట్టుకుని బస్సులో సాలూరు బయల్దేరారు, ఆయన మాట సాగని ఆ కొండల్లో పండే పిక్కలు కొనడానికి. దారి పొడుగునా నా మణికట్టు వదల్లేదు. అక్కడ లారీ కుదుర్చుకునే ఆఫీసులో గొంతు పెగలక, "ఏటమ్మా, వినపడనేదు" అని వాళ్ళు అడిగితే మళ్ళీ మొదటినుంచి చెప్పారు. పిక్కలు దొరికాయి, తక్కువే, ఖరీదూ ఎక్కువే. బట్టీ చిక్కిపోయింది గాని మూతపడలేదు. ఆడవాళ్ళు మళ్ళీ పనిలోకి వచ్చారు. జగ్గారావుగారు ఎదురైతే మాత్రం ఆవిడ చివరిదాకా పక్క సందులోకి తప్పుకునేవారు.

ఆవిడ పోయాక నేను అదే కూటమిలో ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు అందులో జీడిపప్పు కంపెనీలే కాదు, రొయ్యలు అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఫ్యాక్టరీలకి వెళ్ళి పనివాళ్ళ స్థితి చూసి చెప్పడం నా పని. ఇన్నేళ్ళ అనుభవంతో ధైర్యం వచ్చేసి ఉంటుందని అందరూ అనుకుంటారు. రాలేదు. ఆవిడ దగ్గర లేనిది నాకు ఎలా వస్తుంది? ఈమధ్య ఒక రొయ్యల ఫ్యాక్టరీలో, ఆడవాళ్ళు పనిచేస్తున్న గదికి బయట తాళం చూశాను. యజమాని నవ్వుతూ తాళం తీసి చూపించి, "మీరెళ్ళగానే మళ్ళీ ఏస్తానండి. ఊరకే ఎందుకు అబద్దం?" అన్నాడు. చుట్టూ అతని మనుషులే. వెళ్ళి ఆ ఆడవాళ్ళ పక్కన, తడి నేలమీద కూర్చున్నాను. "ఇప్పుడు వేయండి" అన్నాను. నిజంగా వేస్తాడేమోనని ఒళ్ళంతా చెమటలు పట్టాయి. అతను తాళం పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. వేయలేకపోయాడు.