బాయి మీద ఫ్లయివీలు

"ఓబులేసన్నా, మీ బాయిలో పిడుగు పడిందంట, నిజమేనా అప్పా!"

వీధి ఆ చివర నుంచి మస్తాన్ కేక. మస్తాన్ జట్కా తోలుతాడు. ఆ గొంతుకు గుర్రాలే కాదు, నంద్యాల స్టేషన్లో రైలు కూడా ఆగుతుంది. నేను మా పెరట్లో రాగి సుత్తి పట్టుకుని బాయిలోకి వంగి చూస్తా ఉన్నాను. నీళ్ళ మీద గుండ్రాలు ఇంకా తిరుగుతానే ఉన్నాయి. పడింది పిడుగు కాదయ్యా, మా బావ మోటారు సైకిలు గుండెకాయ. మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం ఇదీ. మొదట్నుంచి చెప్తాను. నవ్వితే నవ్వండి, మా వీధంతా ముందే నవ్వేసింది.

మా చెల్లెలు లచ్చుమమ్మను ఆళ్లగడ్డకు ఇచ్చినాం. మా బావ సుబ్బారెడ్డి మంచి మనిషే గానీ ఆయనకొక మోటారు సైకిలుంది. యుద్ధం అయిపోయినాక మిలిటరీవాళ్ళు అమ్మేసిన ఇంగ్లీషు బండి. కర్నూలు రాజధాని అయినాక ఆయనకు ఆడ పనులు ఎక్కువైనాయి. ఆ పనులేందో ఎవరికీ తెలీదు, బండి మీద పోవడం మాత్రం అందరికీ తెలుసు. బండి వచ్చినాక ఆయన బస్సెక్కడం మానేసినాడు. పెండ్లాన్ని పుట్టింటికి తేవాలన్నా దాని మీదే.

ఆ బండి పోయిన వేసవిలో అవుకు దారిలో టకటకమని పట్టేసి నిలిచిపోయింది. అప్పట్నుంచి చెల్లెలు మా గడప తొక్కలేదు. పిల్లను బస్సులో పంపు నాయనా అని అమ్మ కబురు పెడితే, బండి బాగయినాక నేనే తెస్తానని ఆయన జవాబు. ఆయిలింజన్లు రిపేరు చేసే కొడుకు ఇంట్లోనే ఉండాడు, కూతుర్ని మాత్రం చూసుకోలేకపోతాండానని అమ్మ ఏడుపు. సరే, బండి నాకు పంపించు, నేను చేస్తానని బావకు మాటిచ్చినాను.

విప్పి చూస్తే లోపలి పిన్ను అరిగిపోయి ఉంది. మద్రాసు నుంచి కొత్తది తెప్పించి వేసినాను. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఇంజను కడుపులో రెండు ఇనుప చక్రాలుంటాయి, ఇసుర్రాయికి పై రాయీ కింద రాయీ ఉన్నట్టు. వాటిని ఫ్లయివీళ్ళు అంటారు. ఆ రెండిటినీ కలిపేది ఈ పిన్ను. పిస్టన్ తోసే రాడ్డు దానికే వేలాడుతుంది. పిన్ను మార్చినాక రెండు చక్రాలూ వంకర లేకుండా ఒక్కటిగా తిరగాల. ఎంట్రుకంత తేడా ఉన్నా బండి మనిషిని కుదురుగా కూర్చోనీదు. దానికి పద్ధతి ఏందంటే, రెండు పక్కలా ఇరుసుల్ని ఆనించి నిదానంగా తిప్పాల. అంచు దగ్గర సుద్దముక్క పట్టుకోవాల. యాడ సుద్ద అంటుకుంటే ఆడ ఎత్తు. ఆ ఎత్తు మీద రాగి సుత్తితో ఒక్కటి తగిలించి మళ్ళా తిప్పాల.

మామూలుగా ఈ పని దూది మిల్లులో, ఇరుసుల్ని పట్టి తిప్పే లేతు మిషను మీద చేస్తాను. ఆదివారం మిల్లుకు తాళం. బావేమో ఈ ఒక్కసారికి బస్సులో చెల్లెల్ని తీసుకొస్తా, మర్నాడు బండి మీద పోతాం, సిద్ధంగా ఉంచమని కబురు పెట్టినాడు. ఇరుసుల్ని రెండు పక్కలా ఆనించే జాగా కోసం ఇల్లంతా వెతికినాను. ఆఖరుకు నా కన్ను బాయి మీద పడింది. గిలక కూర్చునే ఇనుప చట్రానికి రెండు పక్కలా గాడులు. కొలిచి చేయించినట్టు ఉన్నాయి. గిలక పీకేసి ఫ్లయివీళ్ళు పెట్టినాను. పీటల మీద పెళ్ళికొడుకు మాదిరి కూర్చున్నాయి.

మా ఇంటామె వచ్చి చూసి, దానికి తాడన్నా కట్టమనింది. తాడు కడితే యాడ తిరుగుతాదని నేను. పోనీ బాయి మీద మంచమన్నా అడ్డం వేయమనింది. మంచం వేస్తే కిందికి వేలాడే రాడ్డు తగులుతుందని నేను. నా మాటల్లో తప్పేముంది చెప్పండి? రెండూ శాస్త్రమే. ఆమె మసాలా నూరుకోను పోయింది.

పని అమోఘంగా సాగింది. తిప్పడం, సుద్ద, సుత్తి. చివరికి అంచు చుట్టూ సుద్ద సమానంగా అంటుకుంది. ఆడ ఆపాల. కానీ చేతిలో సుత్తి ఉండి, ఎదురుగా ఇనుము ఉండి, ఊరకుండే మగవాడు పుట్టినాడా? బావ పేరు చెప్పి ఇంకొక్కటి వేసినాను. ఫ్లయివీళ్ళు గాడిలోంచి కప్ప మాదిరి ఎగిరినాయి. రాడ్డు చెయ్యి ఊపి సెలవు తీసుకున్నట్టు ఒకసారి పైకి లేచింది. తర్వాత ఆ శబ్దం.

వంటింట్లోంచి మా ఇంటామె బయటికి కూడా రాలేదు. "పడిందా?" అని మాత్రం అడిగింది.

మస్తాన్ పాతాళ గరిగె తెచ్చినాడు, బాయిలో పడిన చేదల్ని తీసే కొక్కేల గుత్తి. వెనకాలే వీధి వచ్చింది. దించిన ప్రతిసారీ ఏదో ఒకటి వస్తాంది, ఫ్లయివీలు తప్ప. తుప్పు పట్టిన బకెట్టు వచ్చింది. ఒంటి చెప్పు వచ్చింది. ఎవరిదో ఇత్తడి చెంబు వస్తే నాదంటే నాదని ఇద్దరు ఆడోళ్ళు పట్టుకున్నారు. ఆ వెనక వచ్చింది మా అమ్మ వెండి గ్లాసు. దాన్ని ఆళ్లగడ్డ వియ్యపురాలు సంచిలో వేసుకుపోయిందని అమ్మ ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పుకుంది. సరిగ్గా అప్పుడే పెరటి వాకిట్లో బావా చెల్లెలూ. మా అమ్మ, అంత వయసు మనిషి, మెరుపు మాదిరి గ్లాసును కొంగులో దోపుకుని, కూతుర్ని పట్టుకుని ఏడ్చేసింది.

బావ తోలుకోటు వేసుకున్నాడు, నుదుటి మీద బండి కళ్ళద్దాలు. కోటు నిండా కోడి ఈకలు. రుద్రవరం ఆమె ఎవరో కోళ్ళగంపను దారి పొడుగునా ఆయన ఒళ్ళో పెట్టిందంట. జన్మలో ఇంక బస్సెక్కనని ఒట్టేసుకుంటానే వచ్చినాడు.

"బండి యాడ?" అన్నాడు. షెడ్డు చూపించినాను.

"దాని ఫ్లయివీళ్ళు?"

బాయి చూపించినాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కోటు విప్పి నా చేతికిచ్చి, కళ్ళద్దాలు కళ్ళ మీదికి దించుకుని, నడుముకు తాడు కట్టుకుని బాయిలోకి దిగినాడు. అద్దాలు నీళ్ళలో బాగా కనపడేదానికేనంట. మొదటి మునకకే వాటిలో నీళ్ళు నిండినాయి. పైకి తేలినప్పుడు చూడాల, సీసాలో వేసిన చేపల మాదిరి కళ్ళు. ఆఖరుకు రాడ్డు కన్నంలో ఇంకో తాడు దూర్చి, లాగండని అరిచినాడు. మేం లాగినాం. సగం దూరం వచ్చినాక చూస్తే అది బావ నడుముకు కట్టిన తాడు. గాబరాలో వదిలేసినాం. బాయిలోంచి వచ్చిన మాటలు ఈడ రాసేటివి కావు.

మొత్తానికి ఇద్దరూ పైకి వచ్చినారు, బావా, ఫ్లయివీళ్ళూ. ఇద్దరికీ ఒకే బురద. బావ తుడుచుకోను కూడా తుడుచుకోకుండా, గాడిలో పెట్టి తిప్పమన్నాడు. ఈసారి మా ఇంటామె మంచం తెచ్చి బాయి మీద వేసి, నులక సందులోంచి రాడ్డును కిందికి దించింది. నన్ను ఒక చూపు చూసింది. తిప్పినాను. సుద్ద ఒక్క పక్కనే అంటుకుంది. చక్రాలు కుంటి మేక మాదిరి ఊగుతాండాయి.

నేను సుత్తి కోసం చెయ్యి చాపినాను. వీధంతా ఒక్కసారిగా వద్దనింది. బావ సుత్తి తీసి మా ఇంటామె చేతికిచ్చినాడు, ఆమె వంటింట్లోకి తీసుకుపోయింది.

ఇంక లేతు మిషనే గతి. మిల్లులో లేతు తోలే ఆయన పాణ్యంలో పెళ్ళికి పోయినాడని, ఎప్పుడొచ్చేదీ తెలీదని మస్తాన్ చెప్పినాడు. బావ అరుగు మీద కూలబడినాడు. బస్సెక్కనని ఒట్టు, బండి చూస్తే ముక్కలు.

"అయితే అది అయ్యేదాకా మేం ఈడనే," అన్నాడు.

పొద్దు వాలుతాండగా అందరం భోజనాలకు కూర్చున్నాం. తాడు లాగినవాళ్ళు కూడా కూర్చున్నారు. బావ నా పంచె కట్టుకుని, జొన్నరొట్టె వంకాయ కూరలో అద్దుకుంటా నాతో తప్ప అందరితో మాట్లాడుతాండాడు. చెల్లెలు చెంబు పట్టుకుని నీళ్ళు పోస్తాంది. అవి పక్కింటి నీళ్ళు, మా నీళ్ళు ఆయిలు వాసన. అమ్మ నెయ్యిగిన్నె తీసుకుని వరసగా వస్తా, నా దగ్గర ఆగింది. అల్లుడి కంటే ముందు నాకు పోసింది. ఇంకోసారి పోసి, వంగి చెవిలో చెప్పింది.

"ఆ చక్రాలు నిదానంగా చెయ్ నాయనా. మనకేం తొందర."

నా పనితనానికి ఇంత నెయ్యి పడడం ఇదే మొదలు.