పదకొండో రాయి

మొన్న ఆదివారం మా వదిన, కూరగాయల కత్తికి పదును పోయిందని, నా డైరీ మీద బరువుగా పెట్టుకున్న రాయిని తీసుకుని వాకిట్లో కూర్చుంది. నేను గట్టిగా అరిచాను. నా గొంతు పక్క గదికి వినిపించడమే మా ఇంట్లో అరుదు కాబట్టి, వదిన కత్తి కింద పెట్టేసి నాకేమైందోనని నా ముఖంలోకి చూసింది. రాయిని చున్నీతో తుడుచుకుంటూ లోపలికి వచ్చేశాను. అప్పుడు నేను చెప్పలేకపోయినది ఇప్పుడు రాస్తున్నాను. బాయి సైరన్ విని పొయ్యి మీద ఎసరు పెట్టే ఇళ్లలో పెరిగిన నా ఈడు వాళ్లకు ఇది సగం చెప్పినా అర్థమవుతుంది.

బొగ్గు గనిని మా గోదావరిఖనిలో బాయి అనే అంటాం. ఆ బాయికి పోయే దారిలో, రేకుల కప్పు కింద, మా బాపు క్షౌరం దుకాణం ఉండేది. బ్లేడు విరిచి పెట్టే కత్తులు అప్పటికే వచ్చేశాయి, కుర్రవాళ్లకు బాపు వాటితోనే చేసేవాడు. కానీ ఏళ్ల తరబడి బాయిలో దిగినవాళ్ల చెంపల మీద, దెబ్బల్లో బొగ్గు పొడి ఇరుక్కుని మానిన నీలి మచ్చలుంటాయి. ఆ మచ్చల దగ్గర బ్లేడు తగులుకుని కోస్తుందని వాళ్లు బాపు మడత కత్తే కావాలనేవారు. ఆ కత్తికి ముందు ఒక మామూలు రాయి మీద అంచు తీయాలి. తర్వాత ఆ అంచులోని గరుకు పోయేట్టు ఇంకో మెత్తటి రాయి మీద నూరాలి. మొదటిది ఏ బజారులోనైనా దొరుకుతుంది. ఆఖరి రాయి మాత్రం మా తాత నుంచి బాపుకు వచ్చింది.

దాన్ని నేనే పగలగొట్టాను. ఎనిమిదో తరగతి పరీక్షలైపోయిన ఎండాకాలం, రాళ్లు కడిగే పని నాది, సబ్బు చేతుల్లోంచి జారి నీళ్ల నల్లా కింది గద్దె మీద పడి, బొటనవేలంత కూడా లేని ముక్కలైపోయింది. బాపు వచ్చి ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేసుకున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

బాపు దగ్గరికి వచ్చేవాళ్లలో, మా ఇంట్లో అందరం కాకా అని పిలిచే ఒకాయన ఉండేవాడు. బాపుది, ఆయనది ఒకే ఊరు. బాయిలో పైకప్పుకు కట్టెలు నిలబెట్టే పని ఆయనది. మొదటి షిఫ్టు దిగి వచ్చి కుర్చీలో కూర్చుని, నురుగు పూయగానే నిద్రపోయేవాడు, బాపు తల ఇటు తిప్పితే నిద్రలోనే ఇటు తిరిగేది. రాయి పగిలాక ఆయనకు కుర్చీలో నిద్ర పట్టలేదు. కత్తి లాగుతున్నప్పుడల్లా కుర్చీ చేతిని పట్టుకునేవాడు, నొప్పి అని మాత్రం అనేవాడు కాదు.

ఒకరోజు ఆయనే బాయి లోపలి నుంచి ఒక రాయిని తువ్వాలలో చుట్టి తెచ్చాడు. బూడిద రంగులో, చెంపకు ఆనించుకోవాలనిపించేంత నునుపుగా ఉంది. బాపు అలవాటుగా దాని మీద నోటి ఆవిరి ఊది వాసన చూశాడు. తడి మన్ను వాసన వచ్చే రాయి కత్తికి పనికిరాదని మా తాత చెప్పేవాడట. ఆ రాయికి మన్ను వాసన ఉంది. అయినా, అంత లోతు నుంచి ఆయన ప్రేమగా మోసుకొచ్చినదాన్ని కాదనలేక, రెండు రోజులు అరగదీసి నీళ్లలో నానేశాడు. తెల్లారి చూస్తే, తడిసిన పుస్తకంలా పొరలు పొరలుగా విడిపోయి ఉంది. ఆ సంగతి విని కాకా నవ్వాడు.

“బాయిల ఉన్నన్ని దినాలే గట్టిదన్నట్టు, నా లెక్కనే.”

ఆయన రిటైరై డ్యూటీ దిగిపోయే రోజులు దగ్గరపడ్డాయి మరి. ఆ తర్వాతి వారం ఆయన రాలేదు. చౌరస్తాలో వేరే దుకాణంలో కనిపించాడని ఎవరో చెప్పారు. ఇగ ఆ కత్తి పెట్టెల పెట్టేస్త అని బాపు అవ్వతో, అంటే మా అమ్మతో, అంటుంటే నేను తలుపు వెనక విన్నాను. నా చేతి నుంచి జారిన రాయికి బాపు కత్తి ఆగిపోతోంది.

అవ్వ దుప్పట్లు ఉతకడానికి గోదారికి పోయినప్పుడల్లా నేనూ పోవడం మొదలుపెట్టాను. నీళ్లు తగ్గి రాళ్లు తేలి ఉండేవి. ఒక్కోదాన్ని తడిపి, నీరు పీల్చుకుంటుందో పైనే నిలుస్తుందో చూసేదాన్ని, ఆవిరి ఊదేదాన్ని, అవ్వ సూదితో అడ్డంగా గీసి ఎక్కడైనా ఇసుక పలుకు తగులుతుందేమో చూసేదాన్ని. ఒక్క పలుకు చాలు, అంచు చెడిపోవడానికి. నచ్చినవాటికి డైరీలో నంబర్లు వేసి బాపు ముందు పెట్టాను. పది రాళ్లను బాపు పక్కన పెట్టేశాడు. పదకొండోది ఆకుపచ్చ కలిసిన నలుపు, అరచేయంత పొడవు. బాపు దాని మీద సూది అటూ ఇటూ లాగి, తిప్పి చూసి, నా చేతికే తిరిగిచ్చాడు. అరగదియ్యమని.

ఇసుక, నీళ్లు పోసి ఇంటి ముందు గచ్చు మీద అయిదు రోజులు అరగదీశాను. పెన్సిలుతో రాయి మీద అడ్డం నిలువు గీతలు గీసి రుద్దితే, ఎత్తున్నచోట గీతలు చెరిగి, పల్లంలో మిగులుతాయి; అన్నీ ఒకేసారి చెరిగితేనే రాయి చదునైనట్టు. గచ్చే అరుగుతుంది గాని రాయి అరగదని అవ్వ ఎగతాళి చేసింది. నా అరచేతులు పొక్కిపోయాయి. మూలలు గుండ్రం చేశాక, బాపు డబ్బాలోంచి తాత రాయి ముక్కొకటి తీసి, నీళ్లు చల్లి కొత్త రాయి మీద రుద్దాడు. రాతి పొడి నీళ్లలో కలిసి పల్చటి పాలు వచ్చాయి. ఆ పాల మీద కత్తి నూరాడు.

ఎవరింటికైనా పోయి మాట్లాడమంటే నాకు జ్వరం వచ్చినంత పనయ్యేది. ఆ మధ్యాహ్నం మాత్రం నేనొక్కదాన్నే కాకా క్వార్టరుకు పోయి, బాపు రమ్మంటుండు, రాయి దొరికింది అని చెప్పాను. బాపు రమ్మనలేదు. కాకాను గుమ్మంలో చూసి బాపు ఒక్క క్షణం ఆగి, కుర్చీ తుడిచాడు. నురుగు పూశాడు. కత్తి కుడి చెంప దాటేలోపే కాకా నిద్రపోయాడు. బాపు అద్దంలోంచి నన్ను చూశాడు. కాకా లేచి, గడ్డం కింది నీలి మచ్చను తడుముకుని, రాయి ఏడ దొరికిందని అడిగాడు.

“నాకు దొరకలె కాకా. మా బిడ్డ దేవులాడింది, మా బిడ్డే అరగదీసింది.”

ఆ రోజు డైరీలో ఈ మాట ఒక్కటే ఉంది.

మూడేళ్ల కింద బాపు పోయాడు. దుకాణంలో ఇప్పుడు మా అన్న ఉన్నాడు, మంచి కుర్చీలు వేశాడు, ఎవరి బ్లేడు వాళ్లకే. పనితనంలో వంక పెట్టలేను. కానీ ఇప్పుడా కుర్చీల్లో ఎవరూ నిద్రపోరు, నురుగు ముఖాలతోనే ఫోను చూసుకుంటారు. మొన్న వదిన దగ్గరి నుంచి తెచ్చుకున్నాక, రాయి మీద మళ్లీ పెన్సిలు గీతలు గీసి, గచ్చు మీద నాలుగుసార్లు రుద్దాను. అంచుల్లో చెరిగాయి. నడుమ, కత్తి వెడల్పున, చెరగలేదు. బాపు అన్నేళ్లు నూరి చేసిన పల్లం అది. చదును చేయడం నాకు చేతకాక కాదు. గీతలు అట్లాగే ఉంచి, రాయిని డైరీ మీద పెట్టేశాను.