జవాబు వచ్చేదాకా కదలని చెంబు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మా నాయనమ్మ మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు ఖతార్‌లో, నేనుండే పనివాళ్ళ క్యాంపులో, నా మాట ఎవరూ పట్టించుకోవడం లేదు. ఎండలు మొదలైనప్పటి నుంచి చెబుతున్నాను. విన్నవాళ్ళు తల ఊపి వెళ్ళిపోయారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ముందు నాయనమ్మ సంగతి చెబుతాను, ఎందుకంటే నేను చేసిన పని ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

మాది జగిత్యాల వైపు పల్లె. మా పెరట్లో ఒక రాగి బాయిలర్ ఉండేది. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. పెద్ద డబ్బాలా ఉంటుంది, నడుమ ఒక గొట్టం. గొట్టంలో కట్టెపుల్లలు వేసి మంట పెడితే చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. అడుగుకు జానెడు పైన, పక్కకు ఒక నల్లా. వేణ్ణీళ్ళు పట్టుకున్నకొద్దీ పైనుంచి బావినీళ్ళు పోస్తూ ఉండాలి. చలికాలంలో ఇంటిల్లిపాదీ స్నానాలు దాని మీదే. ముందు తాత, తరువాత బాపు, చిన్నాయన, పిల్లలం, మా అమ్మ, చిన్నమ్మ, అందరి చివర నాయనమ్మ.

ఒక ఏడాది నాయనమ్మ ఒకే మాట అంటూ ఉండేది. బాయిలర్ మునుపటిలా కాగడం లేదని, ఎన్ని కట్టెలు పెట్టినా తన వంతు వచ్చేసరికి చన్నీళ్ళే మిగులుతున్నాయని. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. చన్నీళ్ళు పోసుకున్న రోజు కూర్చుంటే ఇంకొకరు పట్టుకుని లేపాల్సి వచ్చేది. బాపు కట్టెలు పచ్చివన్నాడు. చిన్నాయన ఆవిడకు మంట పెట్టడం రావడం లేదన్నాడు. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ మంటలు పెట్టింది ఆవిడే. చివరికి తాత ఒకరోజు అరుగు మీద నలుగురి ముందు తేల్చేశాడు.

"ముసల్దయింది. సలి ఎక్కువ పెడ్తుంది. నీళ్ళు మంచిగనే కాగుతున్నయ్."

కూర్చున్నవాళ్ళు నవ్వారు. నాయనమ్మ గడప లోపలే నిలబడి ఉంది.

మరునాడు పొద్దున నన్ను పిలిచి బాయిలర్‌ను వేలి కణుపుతో కొట్టమంది. పైన కొడితే ఖంగుమంది. అడుగున కొడితే మట్టిగోడను కొట్టినట్టుంది, మోతే లేదు. మంట పెట్టాక చేత్తో తాకి చూడమంది. పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడి. కింద జానెడు మేర చల్లగా ఉంది. నల్లాకు అందని చోట ఏళ్ళ తరబడి దిగినదంతా అక్కడే కూర్చుందని, మంట ఆ బురదను దాటి నీళ్ళను చేరడం లేదని నాకు చెప్పింది. చివర స్నానం చేసేదాన్ని కాబట్టి నాకు ముందు తెలిసింది, వాళ్ళకు ఇంకో రెండేళ్ళకు తెలుస్తుంది అంది.

అది చల్లారాక మా అమ్మ, నాయనమ్మ కలిసి బాయిలర్‌ను పక్కకు ఒరిగించారు. ముందు తేట నీళ్ళు వచ్చాయి, తరువాత పసుపు నీళ్ళు, ఆ తరువాత గడ్డపెరుగులాగా చిక్కటి బురద. బావిమట్టి, సున్నం, రాగి చిలుము అన్నీ కలిసిన రంగు. ఇక కడిగేసి నిలబెడుతుందనుకున్నాను. ఆవిడ అలా చేయలేదు. తాత వాడే ఇత్తడి చెంబు తెచ్చి, అందులో కాస్త బురద, పైన నీళ్ళు నింపి, అరుగు మీద తాత కూర్చునే చోటు పక్కన పెట్టింది. బాయిలర్‌ను పెరట్లో అలాగే పడుకోబెట్టింది. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకునేవారు కాదు, అన్నీ మా పిల్లల చేతే చెప్పించుకునేవారు. నన్ను పంపింది.

"మీ తాతకు చెప్పు బిడ్డా. గిది ఆయన రోజు పోసుకునే నీళ్ళ అడుగు. బాయిలర్ ఎప్పుడు బాగు చేపిస్తడో జవాబు చెప్పినంక తీస్త."

తాత తీసెయ్యమన్నాడు. మా అమ్మకు ఉన్నట్టుండి చేతి నిండా పని దొరికింది. చిన్నమ్మ వినిపించనట్టు లోపలికి పోయింది. తాత తన చేత్తో తీస్తే ఓడిపోయినట్టవుతుంది కాబట్టి ఆయనా తీయలేదు. మర్నాడు అందరికీ చన్నీళ్ళే, అందరికన్నా ముందు తాతకు. అరుగు మీదికి వచ్చినవాళ్ళంతా చెంబులోకి తొంగిచూసేవారు. "కాకా, గిదేం మందు? ఎవలిచ్చిన్రు?" అని ఒకాయన అడిగాడు. తాత ఏదో గొణిగాడు. ఇంకొకరు వచ్చేసరికి బురద అడుక్కి దిగి పైన తేట నీళ్ళు కనిపిస్తున్నాయి. మంచి నీళ్ళే కదా, ముసలిదాని పట్టుదల అని తాత అంటుండగా నాయనమ్మ బయటికి వచ్చింది. చెంబు ఎత్తి ఒకసారి కదిలించి, అక్కడే పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే తాత బాయిలర్‌ను బండెక్కించి కంచరి దగ్గరికి తీసుకెళ్ళాడు. లోపల గీకించి, అట్టడుగున ఇంకో నల్లా పెట్టించి తెచ్చాడు. నాయనమ్మ చెంబును చింతపండుతో తోమి ఆయన ముందు పెట్టింది. అప్పటి నుంచి మంట పెట్టే ముందు కింది నల్లా తిప్పి చెంబెడు నీళ్ళు వదిలేసేది. 'నీ మాటే నిజం' అని మాత్రం తాత ఎన్నడూ అనలేదు. నాయనమ్మ అది మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

ఇక నా సంగతి. రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటుల మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళను తీసుకెళ్ళే బస్సు నేను నడుపుతాను. లోకం లేవకముందే బయల్దేరాలి, అంటే ఎండ పూర్తిగా దిగకముందే పడుకోవాలి. మా క్యాంపులో గదికో ఏసీ లేదు. ఒకచోట నీళ్ళను చల్లబరిచి పైపుల్లో అన్ని గదులకూ తిప్పుతారు, గదిలోని ఫ్యాను ఆ చల్లని పైపుల మీదుగా గాలి వదులుతుంది. మా గది ఆ లైనులో చివరిది. ఫ్యాను తిరుగుతుంది, గాలి వస్తుంది, చల్లదనం రాదు. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి, గాలి దుమ్ము పట్టే ఫిల్టర్ కడిగి, కంప్లైంట్ అయిపోయిందని రాసుకుని పోతారు. ఒకరోజు మెస్‌లో అందరి ముందు క్యాంప్ బాస్ నాతో అన్నాడు: "చాచా, ఉమర్ హో గయీ. గర్మీ జ్యాదా లగ్తీ హై." వయసైపోయింది, వేడి ఎక్కువ అనిపిస్తోంది అని. తింటున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నేను మా అరుగు మీద విన్నదే.

ఆ తరువాత కొద్ది రోజులకే, దారిలో అల్ ఖోర్ ఊరు దాటాక, ఆ వేడికి నిద్ర చాలక, స్టీరింగు మీద చేతులుండగానే రెప్ప వాల్చాను. ముందు సీట్లో కూర్చున్న మా జిల్లా పిల్లవాడు చూశాడు.

"కాకా, నిద్రస్తున్నదా? ఏమన్న ముచ్చట చెప్పు, నేను వింట."

బస్సు పక్కకు ఆపి ముఖం కడుక్కున్నాను. వెనక మనుషులంతా తలలు వాల్చి నిద్రపోతున్నారు. వాళ్ళెవరికీ తెలియదు.

తరువాతిసారి ఫిట్టర్ వచ్చినప్పుడు నేనే నిచ్చెనెక్కి పైపు పట్టుకున్నాను. వచ్చే పైపు చల్లగా ఉంది. నడుమ నీళ్ళను వడగట్టే జాలీ దాటాక చల్లదనం లేదు. ఆ జాలీ మూత విప్పమన్నాను. ఆ ఫిట్టర్, నేపాల్ నుంచి వచ్చిన అబ్బాయి, అది తన పని కాదన్నాడు. నేను నిచ్చెన దిగలేదు. చివరికి విప్పాడు. బకెట్‌లోకి సిరాలాంటి నల్లటి నీళ్ళు, తుప్పు నలుసులతో సహా దిగాయి. లైనంతా ఇలాగే ఉంటుందని, మందు వేసి మొత్తం కడిగి కొత్త నీళ్ళు నింపాలని, దానికి ఆఫీసు నుంచి ఆర్డర్ రావాలని చెప్పాడు. అతనితో నాకు తగాదా లేదు. ఒక ఖాళీ సీసా తెచ్చి నింపుకున్నాను. "కాకా, మన రూమ్ కింద ఆయిల్ పడ్డదా ఏంది, ఎవలికి చెప్పకు" అని మా గదివాళ్ళు వేళాకోళం చేశారు. వాళ్ళూ ఆ వేడిలోనే పడుకుంటున్నారు.

సీసాను క్యాంప్ బాస్ బల్ల మీద పెట్టాను. మర్నాటికి ఎవరో పారేశారు. బకెట్‌లో ఇంకా ఉంది కాబట్టి ఇంకోటి పెట్టాను. రెండో రోజుకు బురద అడుక్కి దిగింది. నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి కదా అన్నాడతను. సీసా ఎత్తి, ఒకసారి కదిలించి, అక్కడే పెట్టి వచ్చాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. అరవడం నాయనమ్మ నాకు నేర్పలేదు.

ఆ సీసా ఇంకా అక్కడే ఉంది. క్యాంప్ బాస్‌కు తెలుగు రాదు, చదివి చెప్పేవాళ్ళు మా గదిలోనే ఉన్నారు. అతని పైన ఉన్నవాళ్ళెవరో నాకు తెలియదు, వాళ్ళకూ ఇదే మాట. నేను చెప్పిందే నిజమని ఎవరూ అనక్కరలేదు. అనకపోతే గుర్తుపెట్టుకుంటాను, అంతే. ఆ లైను ఎప్పుడు కడిగిస్తారు? నేను కంటినిండా నిద్రపోయి లేచి బస్సు నడిపేది ఎప్పుడు? ఈ రెండింటికీ జవాబు చెప్పండి. చెప్పాక సీసా నేనే తీసి, బల్ల తుడిచి వెళ్తాను.