ఎర్కైతుందా?

నమ్మకపోతే నా ఎడమ కాలి బొటనవేలు చూడండి. గోరు ఇప్పటికీ సగమే ఉంది. కథలు అల్లేవాడికి గోరు ఊడదు కదా. నేను చెప్పేది ఇదే దోహాలో జరిగింది... నాకే జరిగింది. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి, ఏమీ అనుకోను. చివరిదాకా మాత్రం వినండి.

నేను చక్రాల కుర్చీలోకి వచ్చి ఏళ్ళు గడిచాయి. సైటులో పరంజా మీద నుంచి పడ్డాను. నడుము కింద అంతా... లేదు. ఉంది కానీ లేదు. కాళ్ళు కళ్ళకు కనిపిస్తాయి, వాటి కబురు మాత్రం నాకు అందదు. చీమ కుట్టినా, వేడి చాయ్ ఒలికినా అది వాటి గొడవే. కంపెనీవాళ్ళు ఇంటికి పంపకుండా స్టోరులో కూర్చోబెట్టారు. హెల్మెట్లు, గ్లవుజులు ఇచ్చే పని. ఫరీజ్ బిన్ మహమూద్‌లో కింది అంతస్తు గది. ఊళ్ళో మా ఇంటికి ఎత్తు గడప, బాత్రూముకు మెట్లు. ఇక్కడ వెడల్పు తలుపులున్నాయి, వాలు దారులున్నాయి. నా చక్రం తిరిగిన చోటే నాకు ఊరు.

కుర్చీలో బతకడమంటే చక్రాలు తిప్పడం ఒక్కటే అనుకుంటారు జనం. కాదు. కాసేపటికోసారి రెండు చేతులూ ఆనించి ఒళ్ళు పైకి లేపాలి, లేకపోతే కింద పుండు పడుతుంది. దిగేముందు బ్రేకు వెయ్యాలి. వాలు దగ్గర తొందర పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం కాళ్ళు. పాదాలు ముందున్న పలకల మీద ఉన్నాయో లేదో కళ్ళతో చూసుకుంటూ ఉండాలి. జారి కింద పడ్డా మనకు తెలియదు. చక్రం కింద నలిగినా తెలియదు.

ఆ పని సుజాతది. నా భార్య. అల్ సద్‌లో ఒక చిన్నపిల్లల బడిలో ఆయా.

పొద్దున్నే నన్ను కుర్చీలోకి మార్చి, నేల మీద కూర్చునేది. ముందు ఎడమ పాదం, తర్వాత కుడి పాదం. మడమ కింద చెయ్యి వేసి ఎత్తి, పలక మీద పెట్టి, వేళ్ళు తిన్నగా సర్దేది. బడిలో పిల్లలకు బూట్లు తొడిగి, పైన రెండుసార్లు తట్టి "యల్లా", అంటే ఇక పద, అనడం ఆమెకు అలవాటు. నాకూ అదే మర్యాద. తప్... తప్. తట్టి, తలెత్తి నా మొహంలోకి చూసేది.

"ఎర్కైతుందా?"

మా జగిత్యాల వైపు మాట. తెలుస్తోందా అని అడగడం.

"లే."

"కొంచమన్న?"

"ఎర్కైతే నీకు చెప్పకుంట దాసుకుంటనా?"

"దాసుకుంటవ్, నీ సంగతి నాకు తెల్వదా. ఇగో, ఎర్కైన నాడు మొదలు నాకే చెప్పాలె. డాక్టర్‌కు గాదు, మీ అమ్మకు గాదు. నాకు."

డాక్టర్లు ఆశ వదిలేశారు. నేనూ వదిలేశాను. ఆమె వదల్లేదు. ఆ చెయ్యి నా పాదం మీద పడటం ప్రతి పొద్దునా కళ్ళతో చూశాను. ఒక్కనాడూ తెలియలేదు.

నిరుడు, రంజాన్ సెలవులు అయిపోయాక, బడిలో పిల్లలను పడుకోబెడుతూ వాళ్ళ పక్కనే ఒరిగిపోయింది. గుండె. నేను వెళ్ళేసరికి... ఏం చెప్పను. ఆ పొద్దున కూడా అడిగింది. ఆ పొద్దున కూడా "లే" అన్నాను. ఊరికి తీసుకుపోయాం, అన్నీ అయ్యాయి, నేను తిరిగొచ్చాను. ఆమె లేని గదిలోకి తాళం తీసి రావడం ఎలా ఉంటుందో నన్నడగకండి.

మా జబ్బార్ నా గదికి మారాడు. కోరుట్ల మనిషి, వ్యాను డ్రైవరు. వంట వాడిది, వంకలు పెట్టడం నాది. కాళ్ళు మాత్రం వాణ్ణి ముట్టనివ్వలేదు. నేనే వంగి, రెండు చేతులతో ఎత్తి పెట్టుకోవడం నేర్చుకున్నాను.

ఇక ఆ రాత్రి...

ఎండాకాలం చివర. దోహాలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, అది గాలి కాదు, తడి గుడ్డ. చక్రాల కమ్మీలు చేతుల్లో జారిపోతున్నాయి. అల్ సద్‌లో క్లినిక్‌కు వెళ్ళి కుర్చీలోకి కొత్త మెత్త తీసుకున్నాను. పాతది అణిగిపోయింది. పెద్ద కవరు, ఒళ్ళో పెట్టుకుంటే గడ్డం దాకా వచ్చింది. జబ్బార్ వచ్చి తీసుకుపోవాలి. రాలేదు. ఫోన్ చేశాను.

"అన్నా, ఉమ్ సలాల్‌ల తోటకాడ ఇర్కిన. లోడు దించెటోళ్ళు ఇంక రాలే. జెర్ర ఆడనే కూసో, నేనొచ్చి తీస్కపోత."

"నువ్వొచ్చేసరికి తెల్లారుతది. ఎంత దూరమని? నేను పోత."

"ఒక్కనివేనా అన్నా?"

"నాకేం, చిన్నపిలగాన్నా?"

"పైలం మరి. తొవ్వల పడ్త, నేను ఎదురొస్త."

బయల్దేరాను. పెద్ద రోడ్డు సిగ్నల్ దాటి మా వైపు సందుల్లోకి వచ్చాను. లాండ్రీ మూసేశారు. సెలూన్ షట్టర్ దించి ఉంది. ఫుట్‌పాత్ వాలుకు అడ్డంగా కారు పెట్టి ఎవడో మహారాజు కరక్ చాయ్‌కి పోయినట్టున్నాడు, తిట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చాను. పైనుంచి ఏసీల నీళ్ళు... టప్... టప్. నా ముందు చక్రం కీచుమంటోంది. అంతకు మించి చప్పుడు లేదు.

అప్పుడు వినిపించింది.

స్ర్ర్... స్ర్ర్...

ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వస్తున్నారు. బాగా అలిసిపోయిన మనిషి నడకలా. నా వెనకే... చాలా దగ్గరగా.

నాకు ముందు భయం కాదు, చిరాకు వేసింది. కుర్చీ కనబడితే చాలు, అడక్కుండా వెనకనుంచి తోసేవాళ్ళుంటారు. మీ భుజాలు పట్టుకుని ఎవడో నెట్టుకుపోతే ఊరుకుంటారా? తిరిగి చూడకుండానే అన్నాను.

"మాఫీ హెల్ప్, భయ్యా. షుక్రియా."

సాయం అక్కర్లేదని చెప్పి ఆగాను. ఆ చప్పుడూ ఆగింది.

మెడ తిరిగినంత వరకు తిప్పి చూశాను. సందు ఖాళీ. వీధి దీపం కింద కార్లు వరుసగా ఉన్నాయి. ఒక కారు కింద పిల్లి. నన్ను చూస్తోంది.

మళ్ళీ కదిలాను. రెండు తోపులు తోశాను...

స్ర్ర్... స్ర్ర్...

ఆగాను. ఆగింది. కదిలాను. కదిలింది. నేను నెమ్మదిగా పోతే నెమ్మదిగా... నేను తొందరపడితే తొందరగా. "కౌన్ హై?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇంకొంచెం దూరం పోయాక చప్పుడు మారింది. చెప్పు గరగర పోయింది. ఇప్పుడు మెత్తగా... తడిగా... రాతి మీద ఏదో రుద్దుతున్నట్టు.

ఇక ఆగలేదు. పరుగెత్తగలిగేవాడు ఎలా పరుగెత్తుతాడో అలా తోశాను. చేతులు జారుతున్నాయి, తోస్తున్నాను. భుజాలు మండుతున్నాయి, తోస్తున్నాను. ఆ సందు చివర ఒక బిల్డింగ్ సెల్లార్ ఉంది. కార్లు దిగడానికి ఫుట్‌పాత్ అక్కడ ఒక్కసారిగా వాలుగా పడుతుంది. రోజూ అక్కడ ఆగి, కుర్చీ వెనక్కి తిప్పి, మెల్లగా దిగుతాను. ఆ రాత్రి అదేదీ గుర్తు లేదు. వాలు ఎదురొస్తోంది... నేను ఆగడం లేదు.

చప్పుడు ఆగిపోయింది.

చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. నేను పోతూనే ఉన్నాను. చప్పుడు మాత్రం లేదు.

అప్పుడు...

ఎడమ మడమ కింద చల్లగా తగిలింది.

మీకు అర్థమైందో లేదో. నాకు... మడమ కింద... తగిలింది. ఎన్నేళ్ళ తర్వాతో. ముందు చల్లదనం. తర్వాత వేళ్ళు. ఒక్కో వేలూ విడివిడిగా తెలిసింది. గరుకు వేళ్ళు. బడిలో ఫినాయిల్‌తో నేల తుడిచి తుడిచి కాయలు కాచిన వేళ్ళు. అవి నా చెంపకు తెలుసు, నా చేతికి తెలుసు. నా పాదానికి మాత్రం కొత్త.

కాలు పైకి లేచింది. పలక మీద ఆనింది. వేళ్ళను ఒక్కొక్కటిగా సర్దడం తెలిసింది.

తప్...

తప్.

అన్నేళ్ళూ చూశాను, తెలియలేదు. ఆ రాత్రి తెలిసింది... మనిషి కనిపించలేదు.

ఎప్పుడు బ్రేకు లాగానో తెలియదు. కుర్చీ వాలు అంచున నిలబడింది. అప్పుడు బొటనవేలు భగ్గుమంది. నొప్పి. దేవుడా, ఎంత నొప్పి. పళ్ళు కరుచుకుని ఏడ్చాను. ఏడుస్తూ నవ్వాను. ఆ నొప్పి పోకూడదని దణ్ణం పెట్టుకున్నాను.

ఆమె అడుగుతుందని చూశాను. ఊపిరి బిగబట్టి చూశాను. ఏసీ నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక నేనే అన్నాను.

"ఎర్కైంది." మళ్ళీ అన్నాను, గట్టిగా. "ఎర్కైంది సుజాతా... ఎర్కైందే."

సందంతా వినిపించేలా అన్నాను. ఎవరూ పలకలేదు. నొప్పి కూడా పలచబడుతూ వచ్చింది... దీపం ఒత్తి తగ్గించినట్టు తగ్గి తగ్గి... పోయింది. నడుము కింద మళ్ళీ ఎప్పటిలా ఏమీ లేదు.

జబ్బార్ వ్యాను వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

"అన్నా, ఏమాయె? గిట్లెందుకు కూసున్నవ్?" అంటూ దిగాడు. నా ఒళ్ళోంచి కవరు తీశాడు. తీసి, కింద చూసి, అలాగే ఉండిపోయాడు.

"అన్నా... కాలు."

ఎడమ కాలికి చెప్పు లేదు. బొటనవేలి గోరు లేచిపోయింది. వేళ్ళ పైన చర్మం చిట్లి రక్తం కారుతోంది. అంత రక్తంలోనూ పాదం పలక మీద తిన్నగా, పొందికగా ఉంది. పాదం జారకుండా మడమ వెనక ఉండే కుర్చీ పట్టీ ఊడి వేలాడుతోంది.

జబ్బార్ ఫోన్ లైటు వేసుకుని నేను వచ్చిన దారిలో వెనక్కి పోయాడు. చెప్పు పట్టుకుని వచ్చాడు.

"పట్టీ ఊడి కాలు కింద పడ్డది అన్నా. ఈడ్చుకుంట వచ్చినవ్. గా లాండ్రీ కాంచెలి గీత ఉన్నది. చెప్పు ఊడిన కాంచెలి రక్తం ఉన్నది."

అంటే... నన్ను తరుముతూ వచ్చింది నా కాలే. నా కాలి చప్పుడుకే నేను భయపడి పారిపోయాను. నేను తొందరపడినకొద్దీ దాన్నే ఇంకా గట్టిగా ఈడ్చాను. అది కింద ఉండగా ఆ వాలు మీద పడి ఉంటే కాలు చక్రానికి అడ్డం పడి, కుర్చీ బోర్లపడి, నా మొహం రోడ్డుకు కొట్టుకునేది.

"మరి గీత ఆడ ఆగిపోయింది," అన్నాడు జబ్బార్, వెనక్కి చూపిస్తూ. "ఆడికెల్లి ఈడిదాంక ఏం లేదు. నువ్వు ఆగి, కాలు లేపి పెట్టుకున్నవా?"

"నాకు పడ్డదే తెల్వదు జబ్బార్. ఒళ్ళె కవరుండె. ఎట్ల వంగుత?"

వాడు మెల్లగా ఏదో దువా చదువుకుంటూ, మెడలోని గుడ్డ తీసి నా కాలికి చుట్టాడు.

మర్నాడు డాక్టరు చూశాడు. చచ్చుబడిన కాళ్ళు ఒక్కోసారి వాటంతట అవే ఎగిరిపడతాయట, అలా పడి పలక మీద ఆని ఉంటుందట. స్పర్శ కూడా మెదడు చేసే మాయే, చాలామంది చెబుతారట. కళ్ళు మూసుకోమని, సూదితో పాదం పొడుస్తూ అడిగాడు. తెలుస్తోందా? ఇక్కడ? ఇక్కడ? నిజంగా చెబుతున్నాను, అవునని అబద్ధం ఆడాలనిపించింది. "నో" అన్నాను.

కాలు ఎగిరిపడటం నాకు తెలియనిది కాదు. ఎన్నోసార్లు చూశాను. అది ఎగిరితే అడ్డదిడ్డంగా పడుతుంది. వేళ్ళు సర్దుకుని కూర్చోదు. అయినా డాక్టరు చదువుకున్నవాడు, కాదనడానికి నేనెవర్ని? ఒక్కోసారి నరమే మేలుకుందని అనుకుంటాను. అదే నిజమైతే ఆమె రాలేదు. ఆమే వచ్చిందనుకుంటే, నరం చచ్చినట్టే. ఏది నిజం కావాలని కోరుకోవాలో నాకు తెలియడం లేదు. చాలాసార్లు... కాళ్ళు వద్దనే అనిపిస్తుంది.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. శుక్రవారం మా అత్తమ్మ, సుజాత వాళ్ళ అమ్మ, ఫోన్ చేసింది. ఇది ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే.

"దుబాయ్‌ల ఎండలు తగ్గినయా బిడ్డా? కాలికి దెబ్బ తాకిందట గదా, జబ్బార్ చెప్పిండు."

ఆ గొంతు వింటే ఆపుకోలేకపోయాను. అంతా చెప్పేశాను. చప్పుడు, చెయ్యి, తట్టడం... అంతా. ఏడుస్తుందనుకున్నాను. పిచ్చి అంటుందనుకున్నాను.

"సుజాత ఫోన్ జేసినప్పుడల్ల చెప్పేది బిడ్డా," అంది. "ఆయినకు ఇంక ఎర్కైతలేదమ్మా, అయితది అని. మరి నువ్వు చెప్పినవా, ఎర్కైందని?"

"చెప్పిన అత్తమ్మా."

"మనసులనేనా, బయటికన్నవా?"

"బయటికే అన్న. గట్టిగ అన్న."

"ఇన్నదా మరి?"

ఆమె ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.