మంచి కారు, దవాఖాన కారు

మా ఇంటి ముందు రెండు తెల్ల కార్లుంటాయి. కంపెనీ ఒకటే, మోడల్ ఒకటే, సీటు కవర్ల రంగు కూడా ఒకటే. సుబేదారిలో మా గల్లీకి కొత్తగా వచ్చినవాళ్ళు ఒకటి మాది, ఒకటి పక్కింటివాళ్ళది అనుకుంటారు. రెండూ మావేనని తెలిశాక నవ్వుతారు. రెండోది కొంచెం పెద్దది కొనుక్కోవచ్చు కదా, కనీసం రంగైనా మార్చుకోవచ్చు కదా అంటారు. మా ఆయన దగ్గర దానికి జవాబు తయారుగా ఉంటుంది. ఒకే తీరు బండ్లయితే ఒకే మెకానిక్ చాలట, ఒకదాని స్టెప్నీ ఇంకోదానికి పనికొస్తుందట. వినేవాళ్ళు నిజమేనని తల ఊపుతారు. నేను లోపలికి వెళ్ళిపోతాను. అక్కడే నిలబడితే నా నోరు ఊరుకోదు.

అసలు సంగతి వేరు. ఒకటి మంచి కారు. రెండోది దవాఖాన కారు. దవాఖాన కారు నాది.

నేను నర్సును. వరంగల్‌లో ఒక పెద్ద దవాఖానలో సర్జికల్ వార్డు. పుండ్లు కడగడం, కట్లు విప్పడం, మళ్ళీ కట్టడం నా పని. సుగర్ ముదిరి నల్లబడ్డ కాళ్ళు, కాలిన వీపులు, పడుకుని పడుకుని ఒరుసుకుపోయిన నడుములు రోజూ నా చేతుల మీదుగా పోతాయి. చీము చూసి ముక్కు మూసుకోవడం కొత్తలోనే అయిపోయింది. ఇప్పుడు నాకు రోత పుట్టించేవి వేరే ఉన్నాయి, అవన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి.

మొదట మాకు ఒకటే కారు. నా డ్యూటీ వేళాపాళా లేనిది కాబట్టి నా జీతం మీద నేనే కొనుక్కున్నాను. డ్యూటీ నుంచి రాగానే వెనక దర్వాజ నుంచి లోపలికి పోయి తలమీది నుంచి స్నానం చేయాలని మా అత్తమ్మ రూలు. చావు ఇంటికి వెళ్ళొచ్చినవాళ్ళు ఎట్లా చేస్తారో అట్లా, రోజూ. దానికి నేనేమీ అనలేదు. ఆమె చెప్పకపోయినా నేను స్నానం చేసేదాన్నే. కానీ కారుకు స్నానం ఎట్లా? అందుకని ఆమె సీట్ల మీద పసుపు నీళ్ళు చల్లేది. నా తెల్ల యూనిఫాం వెనక పచ్చటి మరకలు పడేవి. "సిస్టరమ్మా, బోనాలకు వోయచ్చినవా?" అని వార్డులో పేషెంట్లు అడిగేవాళ్ళు. అవునని చెప్పి ఇంజెక్షన్ పొడిచేదాన్ని.

అత్తమ్మ పుట్టిల్లు రఘునాథపల్లి. ఆమె తమ్ముడి మనుమడికి ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షనైతే బాలింతనూ పిల్లవాణ్ణీ మా కారులోనే తీసుకెళ్ళాం. అక్కడ దిగగానే ఎవరో ముసలావిడ అందరికీ వినపడేటట్టు అన్నది.

"దవాఖాన కారుల తెచ్చిన్రా పసిపోరన్ని?"

అత్తమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంటికొచ్చాక కొడుకును ముందు కూర్చోబెట్టుకుంది. కొన్నాళ్ళకే రెండో కారు వచ్చింది. అది కూడా ఇదే తీరుది కావాలన్న ఆలోచన పూర్తిగా ఆమెదే.

"పెద్దది కొంటే కోడలికి చిన్నదిచ్చి వీళ్ళు పెద్దదాంట్ల తిరుగుతాన్రు అంటరు. వేరే రంగుదైతే ఏది ఎవలదని అడుగుతరు. రెండు ఒక్కతీర్గుంటే ఎవలకేం ఎర్కైతది బిడ్డా?" అని నాకే వివరంగా చెప్పింది, నా మేలు కోరినట్టు.

నన్ను దూరం పెట్టాలి, పెట్టినట్టు కనపడకూడదు. ఆ తెలివికి నా ఒళ్ళు మండిపోయింది.

మంచి కారుకు బంపర్ కింద నిమ్మకాయ, మిరపకాయలు. ముందు అద్దం దగ్గర దేవుడి పటం. స్టీరింగ్ మీద బొట్టు. పెండ్లిళ్ళకు, గృహప్రవేశాలకు, గుడికి అదే పోవాలి. నా కారుకు ఇవేమీ లేవు. దానికి దిష్టి కూడా తగలదని కాబోలు.

మా ఆయనకు హసన్‌పర్తిలో ఎరువుల దుకాణం ఉంది. సాయంత్రం ఆయన ఇంట్లోకి వస్తే పురుగుమందు వాసన ఆయనకంటే ముందు వస్తుంది. అదే చొక్కాతో పీట మీద కూర్చుని అన్నం తింటాడు. ఎవరూ ఒక్క మాట అనరు. అది వ్యాపారం వాసనట. నేను డెట్టాల్ సబ్బుతో ఒళ్ళు తోముకుని వచ్చి వడ్డిస్తుంటే మాత్రం అత్తమ్మ ముక్కు ఎగబీలుస్తుంది. ఆయన తల వంచుకుని పప్పు కలుపుకుంటాడు. మంచివాడే. గొంతు పెంచడు, చెయ్యెత్తడు, అమ్మకు ఎదురు చెప్పడు. ఆ మంచితనం చూస్తేనే నాకు రోత.

సరే, పెద్దవాళ్ళు. వాళ్ళ బుర్రలు మార్చే ఓపిక నాకు లేదు. నాకు కావలసింది ఒక్కటే. మూడో తరగతి చదివే నా బిడ్డ నన్ను చూసి ముక్కు మూసుకోకూడదు. దానికోసం మిగతావన్నీ మింగాను.

వానకాలంలో ఒకరోజు స్కూలు బస్సు చెడిపోయిందని ఫోన్ వస్తే, డ్యూటీ దిగి నేనే వెళ్ళాను. పిల్ల గొడుగు కింద నిలబడి ఉంది. వెనక డోర్ తీసింది కానీ ఎక్కలేదు. బ్యాగు పక్క జేబులో, వాటర్ బాటిల్ వెనక నుంచి మడిచిన న్యూస్‌పేపర్ ఒకటి తీసింది. వానలో తడుస్తూనే దాన్ని సీటు మీద పరిచింది. మూలలు సరిచేసింది. అప్పుడు ఎక్కి, ఆ పేపర్ దాటకుండా ఒదిగి కూర్చుంది.

"గదేంది?" అన్నాను.

"నాయినమ్మ పెట్టింది. నీ కారు ఎక్కాల్సొస్తే ఏస్కోమన్నది. యూనిఫాం ఖరాబైతదట."

ఎవరి యూనిఫాం, ఎట్లా ఖరాబవుతుందని అడగకుండా బండి తీశాను. ఇల్లు చేరేదాకా నా వెనక ఆ కాగితం కరకరమంటూనే ఉంది. దిగాక పిల్ల దాన్ని ఉండ చుట్టి, రెండు వేళ్ళతో పట్టుకుని బయట చెత్తబుట్టలో వేసింది. ఆ రెండు వేళ్ళు చూశాను. చచ్చిన బల్లిని అట్లా పట్టుకుంటారు. ఆ రోజు అత్తమ్మతో పెద్ద లొల్లి చేశాను. "పిల్లకు రోగాలంటుతయని జర భయపడ్డ, గంతే" అని ఆమె కొంగుతో కండ్లొత్తుకుంది. మా ఆయన టీవీ గొంతు పెంచాడు.

ఆ తర్వాత కొన్ని వారాలకు మంచి కారులో వాసన మొదలైంది.

రఘునాథపల్లిలో ఒక పెండ్లికి అద్దాలెక్కించుకుని ఏసీలో వెళ్ళొచ్చారు. నేను డ్యూటీలో ఉన్నాను. దిగేసరికి అందరి ముఖాలూ ముడుచుకుపోయాయి. ఎలుక చచ్చిందన్నాడు మా ఆయన. బానెట్ ఎత్తాడు, మ్యాట్లు తీసి ఎండేశాడు, సీట్ల కింద టార్చి కొట్టి చూశాడు. ఎలుక లేదు. కడిగించి కర్పూరం వెలిగించారు, మల్లెపూల సెంటు సీసా వేలాడదీశారు. మళ్ళీ గుడికి వెళ్ళొస్తే మల్లెపూలు కుళ్ళిన వాసన వచ్చింది.

"రెండు ఒక్కతీరుంటయి. తాళాలు మారి గిది గాని తీస్కపోయినవా దవాఖానకు?" అంది అత్తమ్మ.

"నాకు నంబర్ చదవొస్తది," అన్నాను.

"మరెట్లొచ్చింది గా వాసన? మంచి కారుల గసొంటి వాసనెట్లొస్తది?"

ఆ మాటతో నాలో ఉన్న ఓపిక కాస్తా అయిపోయింది. స్నానం చేసి ఉన్నాను కాబట్టి ఎవరూ అడ్డు చెప్పడానికి లేదు. నేరుగా వెళ్ళి మంచి కారు వెనక డోర్ తీశాను. ఎడమ పక్క సీటు అత్తమ్మది, ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. కాళ్ళు పెట్టే చోటికి వంగి వాసన చూశాను.

ఎలుక కాదు. నాకు బాగా తెలిసిన వాసన. రోజూ కట్లు విప్పగానే ముఖానికి కొట్టే వాసన. నేను లేచి అత్తమ్మ కాళ్ళవైపు చూశాను. చలిగా ఉందని కొన్నాళ్ళుగా ఆమె మేజోళ్ళు వేసుకుంటోంది. మా ఇంట్లో ఇంకెవరికీ చలి లేదు.

ఆమెను మంచం మీద కూర్చోబెట్టి మేజోడు పట్టుకున్నాను. "ముట్టకు, నీకు దండం వెడుత," అని కాలు వెనక్కి లాక్కుంది. నేను వదల్లేదు. మేజోడు చర్మానికి అంటుకుపోయి ఉంది. నీళ్ళు పోసి నానబెట్టి తీస్తే లోపల గుడ్డపేలిక, దాని కింద పసుపు ముద్ద, పసుపు కింద చిటికెన వేలు. నల్లగా, మెత్తగా, వేలులా లేదు. పక్కనంతా చీము. చెప్పు తిరగేసి చూస్తే చిన్న మేకు దిగి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఉన్న సుగర్‌తో పాదంలో స్పర్శ పోయింది కాబట్టి గుచ్చుకున్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు. పుండు కనపడ్డాక మాత్రం తెలుసు. తెలిసే పసుపు అద్ది గుడ్డ చుట్టి, మేజోడు తొడుక్కుని పెండ్లిళ్ళకు తిరిగింది.

"ఎందుకు చెప్పలే అత్తమ్మా?"

"చెప్తె దవాఖానకు తోలుకపోతవ్."

కడుపు మండిందో, జాలేసిందో, రెండూ ఒక్కసారి వచ్చాయో. నా కారును, నన్ను, నా ఒంటిని ఇన్నేళ్ళు వాసన చూసిన మనిషి ఈ కాలును మేజోడులో దాచుకుని ఇల్లంతా తిరిగింది. బయట ఆయన టార్చి పట్టుకుని ఎలుకను వెతికాడు. నాకు ఆ పుండు మీద రోత లేదు. మిగతా అంతటి మీదా ఉంది. కడిగి కట్టు కట్టాను. తల తిప్పి చూస్తే దర్వాజలో నా బిడ్డ ముక్కు మూసుకుని నిలబడి ఉంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మా డాక్టరుతో మాట్లాడి, తీసుకొస్తున్నానని చెప్పాను. వేలు తీసేయక తప్పదు, పాదం మిగలాలంటే ఆలస్యం చేయొద్దన్నాడు. అత్తమ్మ కొడుకు భుజం పట్టుకుని కుంటుతూ బయటికి వచ్చింది. అలవాటుగా నిమ్మకాయ కట్టిన కారు దగ్గరికి నడిచి డోర్ మీద చెయ్యి వేసింది.

"అమ్మా, గది కాదు," అన్నాడు మా ఆయన.

ఆమెకు అర్థం కాలేదు.

"గది మంచి కారు గదనే. మొన్ననే కడిగిచ్చిన. ఎల్లుండి దాంట్లనే గృహప్రవేశానికి పోవాలె. దవాఖానకు గిది," అని నా కారు చూపించాడు. మెల్లగానే అన్నాడు, ఆయన ఏదైనా మెల్లగానే అంటాడు.

ఒకే తీరు తెల్ల కార్ల మధ్య ఆమె కాసేపు నిలబడింది. ఇటు చూసింది, అటు చూసింది. ఆమె పెట్టిన రూలే. డోర్ మీది చెయ్యి తీసి, పడకుండా నా కారు పట్టుకుని వచ్చింది. ఈ రోజు వస్తే ఎంత బాగుండు అని నేను చాలాసార్లు అనుకున్నదాన్నే. వచ్చాక చూస్తే నోట్లో చేదు తప్ప ఏమీ లేదు. ఆయన ముఖం మీద ఉమ్మేయాలనిపించింది.

డోర్ తీస్తుంటే నా బిడ్డ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఆ పొద్దున వచ్చిన న్యూస్‌పేపర్.

"ఆగు నాయినమ్మా," అని అడ్డం దూరి సీటు మీద పరిచింది. మూలలు సరిచేసింది. "ఆఁ, ఇప్పుడు కూసో."

పనంతా సక్రమంగా చేసినదాని ముఖం పెట్టి నానమ్మవైపు చూసింది. మెచ్చుకుంటుందని ఎదురుచూసింది. నేను చెయ్యి చాచి ఆ పేపర్ లాగెయ్యబోయాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి బిడ్డా. కాలు కారుతాంది. నీ సీటు ఖరాబైతది," అంది.

ఆమె ఆ పేపర్ మీద కూర్చుంది. మా ఆయన బైక్ మీద వెనకాల వస్తానన్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు, పిల్లను ఒక్కదాన్నే వదల్లేం.

"నువ్వు కూడ ఎక్కు. నాయినమ్మ పక్కన కూసో," అన్నాను.

పిల్ల నానమ్మ పక్కన ఖాళీగా ఉన్న సీటు చూసింది. నావైపు చూసింది.

"మరి నాకు పేపరేది?" అంది.

వద్దు, ఉత్తగనే కూసో అని అత్తమ్మ ఒక్క మాట అంటే చాలు, అది నేను చెప్పే వెయ్యి మాటల పెట్టు. నేను ఆమెవైపే చూస్తూ నిలబడ్డాను. ఆమె కాస్త పక్కకు ఒరిగి, తన కింది నుంచి పేపర్ లాగి, రెండుగా చింపింది. ఒక సగం తన కింద వేసుకుంది. ఇంకో సగం పక్క సీటు మీద పరిచి, చేత్తో నిమిరి, "దా బిడ్డా," అంది.

పిల్ల ఎక్కి కూర్చుంది. నేను డోర్ వేసి ముందుకు వచ్చి బండి తీశాను. దవాఖాన గేటు దాకా వెనక నుంచి ఆ రెండు ముక్కల కరకర వినపడుతూనే ఉంది. ముందు ఉత్త సీటు మీద కూర్చున్నది నేను ఒక్కదాన్నే.