పదహారు జీబీకి ఒక జీబీ కొసరు

నూకరాజు కొసరు లేకుండా ఏదీ కొనడు. పుట్టగానే మంత్రసాని వీపు మీద ఒక దెబ్బ వేస్తే ఏడవలేదట, రెండోది కొసరు పడ్డాకే కేరుమన్నాడట. ఈ సంగతి ఆయన అక్క ఉమాదేవి చెబుతుంది. అప్పటికి ఆవిడకి నాలుగేళ్లు. అయినా మంత్రసాని పక్కనే పీట వేసుక్కూర్చుని చూసినట్టు చెబుతుంది.

ఆయనది నాగాయలంకలో చేపల వ్యాపారం. కాటా నిలబడ్డాక, అమ్మేవాడు దోసిట్లోకి తీసి పైన పడేసే నాలుగు రొయ్యలే కొసరు. అది రేవులో అందరూ పాటించే ధర్మం. ఆ ధర్మం రేవు దాటి ఎందుకు రాకూడదన్నదే నూకరాజు వాదన. పెట్రోలు బంకులో మిషను ఆగిపోయాక పైపు పట్టుకుని ఊపుతాడు. "ఆ గొట్టంలో ఉన్నది నాదేనయ్యా, ఒదిలెయ్" అంటాడు. జ్వరమొస్తే డాక్టరుగారితో, "సూది నొప్పి ఎలాగూ పడ్డాను, మందు ఓ చుక్క కొసరు పొయ్యండి" అంటాడు. పెళ్లిలో మూడు ముళ్లూ వేశాక, పురోహితుడు వద్దు మొర్రో అంటున్నా, నాలుగోది కొసరు వేశాడు. ఆ నాలుగో ముడే తనను పట్టి ఉంచిందనీ, మూడే అయితే ఎప్పుడో పుట్టింటికి వెళ్లిపోయేదాన్ననీ ఆయన భార్య అంటుంది.

కొసర్ల కోసం ఆయన బండికి ఒక నీలం సంచి ఎప్పుడూ వేలాడుతుంటుంది. కొన్నది వేరే సంచి, కొసరుది ఈ సంచి. రెండూ కలపడు. విచిత్రమేమిటంటే ఆ నీలం సంచి ఇంటికి ఎప్పుడూ ఖాళీగానే వస్తుంది. "మీ ఆయన అన్ని కొసర్లు తెస్తాడు కదా, ఏం చేసుకుంటారమ్మా?" అని ఎవరైనా అడిగితే, "నా మొహం, మా ఇంటికి అసలే సరిగ్గా రాదు, ఇంక కొసరు కూడానా?" అంటుంది ఆ ఇల్లాలు. ఇక 'చాలు' అన్న మాట నూకరాజు నోట విన్నవాళ్లు దివిసీమ మొత్తం గాలించినా దొరకరు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని కంప్యూటరు కొనడానికి వెళ్లాల్సిన గతి గాయత్రికి పట్టింది.

గాయత్రి ఉమాదేవి కూతురు. చల్లపల్లిలో ఉంటుంది. డిగ్రీ అయిపోయింది. పిల్లలకి ట్యూషన్లు చెబుతూ, మిగతా వేళ ఫోనులో తుపాకుల ఆట ఆడుతుంది. ఊరికే ఆడదు, ఆడుతూ వ్యాఖ్యానం చెబుతుంది. "అదుగోనండీ, గోడ పక్కన నక్కాడు! ఒరేయ్ నాయనా, ఆ తొంగి చూడ్డమేంటిరా, పెళ్లికూతుర్ని చూట్టానికొచ్చావా?" అంటూ చెబుతుంటే ఆట రానివాళ్లు కూడా కూర్చుని చూస్తారు. హైదరాబాదులో పోటీలు నడిపే ఒక సంస్థవాళ్లు అది చూశారు. ఆదివారం సాయంత్రం ఇద్దరు జట్టుగా ఆడి, ఆ ఆటను ప్రత్యక్షంగా చూపిస్తూ వ్యాఖ్యానం చెప్పమన్నారు. నచ్చితే ఉద్యోగం. అయితే చూపించేది ఫోనులోంచి కాదు, కంప్యూటరులోంచి. బొమ్మ ఎక్కడా ఆగకూడదు. జట్టులో ఒకరు మధ్యలో మాయమైతే ఆట అక్కడితో ముగిసినట్టే.

గాయత్రి దాచుకున్నది అరవై అయిదు వేలు. ఏ ముక్క కొనాలో ఆరు నెలలుగా వీడియోలు చూసి కంఠస్థం చేసింది. నిద్రలో కూడా గ్రాఫిక్స్ కార్డుల పేర్లు కలవరించేది. ఆన్‌లైన్లో తెప్పిద్దామంటే ఆదివారంలోగా రాదంటున్నారు. కొట్టుకే వెళ్లాలి. "అంత డబ్బు పట్టుకుని ఒక్కదానివీ వెళ్లడానికి వీల్లేదు. మావయ్యని తీసుకెళ్లు" అంది ఉమాదేవి. గాయత్రికి గుండెల్లో రాయి పడింది.

బందరు బస్సెక్కాక నూకరాజు అడిగాడు. "ఇద్దరు ఆడాలన్నావు, ఆ రెండో మనిషెవరే?"

"తనూజ అని, కాలేజీలో నా పక్క బెంచీ. వాళ్లది పాలకాయతిప్ప. నాకంటే బాగా ఆడుద్ది మావయ్యా! కానీ దాని ఫోను పది నిమిషాలకే కాలిపోయి ఆగిపోద్ది. వాళ్లూరికి ఫైబర్ కేబులొచ్చింది గానీ దాని ఇంటికి కంప్యూటరు రాలేదు. నేను కొనే దాంట్లో తగ్గించుకుని ఓ పాతది కొనిపెడతానంటే తిట్టింది. 'ఊరికే ఇస్తే తీసుకోను, తిరిగివ్వడానికి నా దగ్గర లేదు, ఇంకెవర్నైనా చూసుకో' అంది."

"మరి చూసుకున్నావా?"

"లేదు. ఎంతసేపుంటే అంతసేపే ఆడమన్నాను."

నూకరాజు ఏమీ అనలేదు. కిటికీలోంచి వేరుశనక్కాయల పొట్లం కొని, కొసరు గుప్పెడు అడిగి, బస్సు కదిలిపోతున్నా చెయ్యి చాపుకునే కూర్చున్నాడు.

బందరులో కంప్యూటర్ల కొట్టు యజమాని జగన్మోహనరావు గారు ఇస్త్రీ మడత నలగని మనిషి. గాయత్రి చెప్పిన ముక్కలన్నీ వరసగా బల్ల మీద పెట్టించాడు. గాయత్రి ఒక్కో పెట్టె మీది పేరు వేలితో తడుముతూ చదువుకుంది.

"ర్యామ్ పదహారు జీబీ అండీ" అన్నాడాయన.

"బాగుందండీ. కొసరెంత?" అన్నాడు నూకరాజు.

"కొసరేంటండీ?"

"ఓ జీబీ పైన వెయ్యండి. పదహారు కొనేవాళ్లం, ఒక్కదానికి మీకేం తరుగుద్ది?"

"ర్యామ్ చిల్లరగా రాదండీ."

"పోనీ అర జీబీ."

గాయత్రి మావయ్య మోచెయ్యి గిల్లింది. "మావయ్యా, అది ఎనిమిదీ పదహారూ అలాగే వస్తుంది!"

"రొయ్యలు కూడా కిలో, అరకిలో అనే కొంటామే. కొసరు వేరు." నూకరాజు ప్రాసెసరు పెట్టె అందుకున్నాడు. "దీంట్లో ఆరు కోర్లున్నాయన్నారు కదండీ? ఆరు బీరకాయలు కొంటే ఏడోది ఊరికే వేస్తారు మా ఊళ్లో."

జగన్మోహనరావు గారి మీసం అదిరింది. "ఇది కంప్యూటర్ల కొట్టండీ, చేపల బజారు కాదు!"

"చేపల బజారైతే నేను అడిగేదాకా ఆగుతారాండీ? వాళ్లే వేస్తారు."

రెండు నిమిషాల్లో మావయ్యా మేనకోడలూ రోడ్డు మీద ఉన్నారు. గాయత్రికి ఏడుపొక్కటే తక్కువ. "నీకు దణ్ణం పెడతా మావయ్యా, గుడివాడలోనైనా నోరు మూసుకో" అంది. "అలాగేనమ్మా" అన్నాడు నూకరాజు. ఆ మాటను గుడివాడ బస్టాండులో దిగేదాకా నిలబెట్టుకున్నాడు కూడా.

గుడివాడలో శశిధర్ కొట్టు మేడ మీద ఉంది. మెట్ల దగ్గర్నుంచే పాత డబ్బాలు, వైర్ల చుట్టలు. కుర్రాడు హుషారైనవాడు. గాయత్రి రెండు ముక్కలు మాట్లాడగానే, ఎదురుగా ఉన్నది విషయం తెలిసిన మనిషని పసిగట్టి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఆటా ఆడాలి, అదే టైములో లోకానికి చూపించాలి. అంతేగా అండీ? అయితే ప్రాసెసరు మీద మరీ ఎక్కువ పెట్టకండి. గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి. వీడియో పంపే పని అది చూసుకుంటుంది, ప్రాసెసరు ఆట చూసుకుంటుంది."

"నేనూ అదే అనుకున్నానండీ! పవర్ సప్లై మాత్రం మంచిదే కావాలి. దాంట్లో పిసినారితనం చేస్తే మిగతావన్నీ కాలిపోతాయి."

"కరెక్టండీ! డబ్బా?"

గాయత్రి గోడవైపు ఆశగా చూసింది. అద్దం తలుపు, లోపల రంగురంగుల దీపాలు తిరుగుతున్న డబ్బా ఒకటి అక్కడ కులుకుతోంది. దానికి డబ్బు పెడితే ర్యామ్ సగానికి తగ్గించాలి. గాయత్రి గట్టిగా కళ్లు మూసుకుని తెరిచింది. "అద్దానిదే, దీపాలు లేనిది ఇవ్వండి."

లెక్క సరిగ్గా అరవై అయిదు వేల దగ్గర ఆగింది. గాయత్రికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆరు నెలల కల బల్ల మీద పెట్టెల్లో ఉంది. అప్పుడు నూకరాజు గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, మరి కొసరు?"

శశిధర్ పకపకా నవ్వాడు. "ర్యామ్‌కి కొసరు అడిగింది మీరేనా? బందరు నుంచి ఇప్పుడే ఫోనొచ్చిందండీ!"

"వచ్చిందా? అయితే మనం కొత్తగా మొదలెట్టక్కర్లేదు." నూకరాజు శశిధర్ భుజం మీద చెయ్యి వేసి మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఏదో చెవిలో చెప్పాడు. శశిధర్ నవ్వు ఆపి విన్నాడు. తిరిగి వచ్చి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు.

ఇక అక్కడి నుంచి గాయత్రి తలెత్తలేదు. ప్రాసెసరుకి కొసరుగా ఒక పాత ప్రాసెసరు, మదర్‌బోర్డుకి కొసరుగా ఎవరో మార్చేసుకున్న పాత బోర్డు దిగాయి. గ్రాఫిక్స్ కార్డుకి కొసరు, ఒక ఫ్యాను రెక్క విరిగిన కార్డు. పాత ర్యామూ డిస్కూ, అంచున గీత పడ్డ మానిటరు, అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డు, మూత సొట్టపోయిన డబ్బా. "దీనికి పవర్ సప్లై కూడా ఉండాలేమో కదయ్యా?" అని నూకరాజు అడుగుతుంటే గాయత్రి గోడకున్న కేలండరు చదవడం మొదలుపెట్టింది. ఆఖరికి కొత్త పెట్టెల్లో తేమ పీల్చడానికి పెట్టే చిన్న చిన్న పొట్లాలు కూడా ఏరి సంచిలో వేసుకున్నాడు.

"అవెందుకు మావయ్యా!"

"ఉప్పుగాలికి పనికొస్తాయే."

చల్లపల్లిలో ఉప్పుగాలి ఎక్కడిదో గాయత్రికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. ముష్టెత్తుతున్నట్టుందని లోపల్లోపలే తిట్టుకుంది. మేడ దిగేముందు నూకరాజు రంగుదీపాల పట్టీ ఒకటి చేతికిచ్చాడు. "ఇది నీ కొసరే" అన్నాడు. గాయత్రి కోపంగానే తీసుకుంది, కానీ దారంతా ఒళ్లోంచి దించలేదు.

ఆదివారం వచ్చింది. గాయత్రి గదిలో కొత్త కంప్యూటరు అద్దంలోంచి ఎరుపూ నీలం పచ్చా మెరుస్తోంది. ఉమాదేవి దానికి బొట్టు పెట్టి, హారతి పళ్లెం దగ్గరగా తెస్తుంటే గాయత్రి కెవ్వుమంది. నూకరాజు మూల కుర్చీలో కూర్చుని పల్లీలు నములుతున్నాడు. ఆట మొదలైంది. గాయత్రి ఒక కన్ను తెర మీద, ఒక కన్ను గడియారం మీద పెట్టింది. పది నిమిషాలకి తనూజ మాయమవుతుంది. ఉద్యోగమూ అంతే.

పది దాటాయి. పదిహేను దాటాయి. "ఎడమ కిటికీ, ఎడమ కిటికీ! వంగవే!" అని తనూజ గొంతు గంటలా మోగుతోంది. తూటా గురి తప్పడం లేదు. గాయత్రి వ్యాఖ్యానం ఉప్పొంగిపోయింది. "చూశారాండీ మా పాలకాయతిప్ప పిల్లని! సముద్రం ఒడ్డున పెరిగినవాళ్లకి వల ఎక్కడ వెయ్యాలో ఒకరు చెప్పాలా!"

మొదటి ఆట గెలిచారు. విరామంలో గాయత్రి ఆగలేక అడిగేసింది. మైకు మూయడం మర్చిపోయింది.

"ఫోను మార్చావా ఏంటే?"

"ఫోను కాదే, కంప్యూటరు! మీ మావయ్యగారు తెచ్చారు. నిన్న గుడివాడ నుంచి శశిధర్ గారొచ్చి బిగించి వెళ్లారు. బిగింపు కూడా కొసరేనంట!"

తనూజ చెప్పుకుపోతోంది. "మా అమ్మ ముందు వద్దంది. 'కొన్నదైతే నేనే తేనమ్మా, ఇది కొసరు. కొసరుకి రుణం ఉండదు' అన్నారు. మాకేం కొత్తా? నా చిన్నప్పట్నించీ నీలం సంచితో చేపలు తెచ్చి ఇదే మాట చెప్తారు. మా వీధిలో నాలుగిళ్లకి అంతే. నేను మా అమ్మతో అన్నాను, మొన్న ఆయన తెచ్చిన పండుగప్పకంటే ఈ కంప్యూటరు చిన్నదే కదా, తీసుకుందామని! ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా డబ్బా అడుగున పొట్లాలు కూడా పేర్చారే!"

గాయత్రి మెల్లగా వెనక్కి తిరిగింది. నూకరాజు పల్లీ పొట్టు మీద మహా శ్రద్ధగా దృష్టి పెట్టాడు. బస్సులో ఆయన ఎందుకు మాట్లాడలేదో, శశిధర్ చెవిలో ఏం చెప్పాడో ఒక్కసారిగా తెలిసింది. ఈ మావయ్యనా తను కేలండరు వైపు మొహం తిప్పుకుని తిట్టుకున్నదని సిగ్గూ సంతోషమూ కలిసి ముంచుకొచ్చాయి. ఇటు తెర మీద చూసేవాళ్ల సందేశాలు కుప్పతెప్పలుగా పడుతున్నాయి. అన్నిట్లో ఒకటే మాట: "కొసరు! కొసరు! ఇంకో ఆట కొసరు!"

ఇద్దరూ మిగతా ఆటలు ఆడి, చూసేవాళ్ల కోసం ఇంకోటి కొసరు ఆడారు. అయిపోగానే హైదరాబాదు నుంచి పోటీల సంస్థ ఆవిడ ఫోను చేసింది. "మీ ఇద్దర్నీ తీసుకుంటున్నామండీ. ముందు మూడు నెలలకి."

గాయత్రి భుజం మీదుగా ఒక తల ఫోనులోకి వంగింది. "మూడు నెలలకి ఓ వారం కొసరు వెయ్యండమ్మా."

అవతల నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది. "వేశామండీ" అంది ఆవిడ.

ఆ పూట ఉమాదేవి చందువా చేప వేపుడూ రొయ్యల కూరా చేసింది. వడ్డించడం గాయత్రి వంతు. అడిగి పుచ్చుకునేదే కొసరనుకుంది ఇన్నాళ్లూ. వద్దన్నా వెయ్యడం కూడా కొసరడమేనని ఇప్పుడు గుర్తొచ్చింది. కొసరి కొసరి వడ్డించింది. ఆయన చెయ్యి అడ్డం పెడితే చెయ్యి పక్కనుంచి వేసింది. విస్తరి నిండిపోయింది.

"చాలే తల్లీ, చాలు!" అన్నాడు నూకరాజు.

ఉమాదేవి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏమన్నావురా? మళ్లీ అను!"

"చాలన్నానక్కా. కడుపు నిండిపోయింది."

అక్కా మేనకోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గాయత్రి నవ్వుకుంటూ గిన్నె తీసుకుని రెండడుగులు వేసిందో లేదో, వెనక నుంచి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్, అడుగున ఓ చందువా ముక్క మిగిలినట్టుందే. కొసరు వేసెయ్యి."

గాయత్రి రెండు వేసింది.