గంట మోగని శుక్రవారం

గుడియాత్తంలో మగ్గం నేసేవారింటికి నేను కోడలిగా వచ్చిన తొలి ఏడాది అది. మా పుట్టినూరు పొన్నైలో ఏసుసామి గుడి లేదు. గురువుగారే నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్లేవారు. ఇక్కడ వీధిలో గడియారం లేకపోయినా, అన్నిటికీ గుడిగంట ఉంది.

ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాల తపస్సుకాలం మొదలవగానే అత్త చెప్పింది: "మిట్టమధ్యానం గంట కొట్టినాకే ఒంటిపూట కూడు పెట్టాల. అంతకుముందు మెతుకు కూడా తీయగూడదు."

అలాగే చేస్తూ వచ్చాను. పెద్ద గురువారం వంట అత్తే చూసుకుంది. శుక్రవారం ఆమె గుడికి పోతే, నేను గంజి కాచి మూతపెట్టి కూర్చున్నాను. ఎండ వాలింది గానీ గంట మోగలేదు. మామగారు మూడోసారి వంటింటి గడప దగ్గరికి వచ్చారు.

"ఏమ్మా, గంజి ఇంకా ఉడకలేదా?"

"ఎప్పుడో ఉడికినాది మామా. గంటే ఇంకా కొట్టలేదు."

"అయ్యో తల్లీ! ఏసుసామి పోయిన దినం గదమ్మా. రేపు పూజ దాకా గుడిలో గంట కొట్టరు!"

పెద్ద శుక్రవారం నవ్వకూడదని ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఆ గంజికుండలో దూరిపోవాలనిపించింది.

మరుసటేడు అదే రోజు మధ్యాహ్నం వంటింటి తలుపు టకటకమంది. చూస్తే మామగారు, చేతిలో మగ్గం మీద పోగును అటూ ఇటూ నడిపే కొయ్య నాడె.

"గంట కొట్టినాను, పెట్టమ్మా!"

బతికినన్నాళ్లూ ఆయన ఆ గంట తప్పించలేదు. ఇప్పుడా నాడె మా ఆయన చేతికొచ్చింది. గుడిలో మోగకపోయినా, మా ఇంట్లో మాత్రం పెద్ద శుక్రవారం గంట కొడతారు.